కొర్నేలి బండిలో ఎర్ర తీగ

సత్యరాజు ‘సరే’ అన్నాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడే. ఆ ఒక్క మాట అనిపించడానికి పాస్టరు గారు భిలాయిలో మరోదా పేటకి చెప్పులరిగేలా తిరిగారు. తీరా అన్నాక, అది తనతో అన్నాడో, గుమ్మంలో బొగ్గులు కావాలా అని అడుగుతున్న మనిషితో అన్నాడో తెలియక ఆయన కాసేపు తలుపు దగ్గరే నిలబడిపోయారు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. ఆగస్టు వానల్లో సత్యరాజు భార్య కాంతానికి జ్వరం తలకెక్కింది. తెల్లవారుజామున ఒంటి మీద తెలివి లేని మనిషిని చేతుల మీద మోసుకొచ్చి, ఇంటి ముందే నిలిపి ఉన్న పికప్ బండి ముందు సీటులో పడుకోబెట్టారు. బండి కాంతం తమ్ముడు కొర్నేలిది. అతను తాళం తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. బండి నిండా పెళ్ళి పందిరికి తీసుకెళ్ళాల్సిన ఇనుప గొట్టాలున్నాయి. ఎంత తోసినా బురదలోంచి చక్రం కదల్లేదు. సుపేలా బజారు దాకా పరిగెత్తి ఆటో తెచ్చి ఆస్పత్రికి చేర్చేసరికి తెల్లగా తెల్లారిపోయింది. “ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే...” అని డాక్టరు సగంలో ఆపేశాడు. మిగతా సగం సత్యరాజు పూర్తి చేసుకున్నాడు. ఆ రోజు నుంచి బావమరిదితో మాటల్లేవు.

మాటలు లేకపోవడం ఒక్కటే అయితే పాస్టరు గారు అంత కంగారు పడేవారు కాదు. క్రిస్మస్ వెళ్ళగానే కూతురు మణిమాలని భీమునిపట్నం హాస్టల్లో పడేయడానికి సత్యరాజు టికెట్లు తీసేశాడు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆ పిల్లకి జడలు వేసేది, అన్నం పెట్టేది కొర్నేలి భార్య డోర్కాస్. ఆ దంపతులకి పిల్లల్లేరు. “తల్లిని చంపిన బండి ఉన్న ఇంట్లో నా పిల్ల పెరగదు,” అని సత్యరాజు సంఘ పెద్దల ముందే చెప్పేశాడు. గొంతు పెంచకుండా, రేపు ఏ షిఫ్టో చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఎవరూ బదులు చెప్పలేకపోయారు.

ఆ ఏడాది చావు జరిగిన ఇంటి ముందు మొదటి క్రిస్మస్ క్యారల్ పాడటం అక్కడి తెలుగు సంఘం ఆనవాయితీ. ఈసారి ఆ ఇల్లు సత్యరాజుది. పాటగాళ్ళు ఎక్కి వచ్చేది కొర్నేలి బండి. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరి మధ్య నిలబడి రక్షకుడు పుట్టాడని ఎలా పాడటం? కొర్నేలి ఎలాగూ బండిలో కొత్త స్టీరియో పెట్టించాలని చూస్తున్నాడు. సత్యరాజు ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ఇద్దరినీ ఒక బండి కింద తల పెట్టిస్తే ఒక మాటైనా రాలుతుందని పాస్టరు గారి ఎత్తు. ఎత్తు మంచిదే. కానీ ఆ డాష్‌బోర్డు వెనక ఏముందో ఆయనకి తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం బండి వచ్చింది. ఆగస్టు తర్వాత ఆ బండి ఈ గుమ్మం ముందుకి రావడం ఇదే మొదటిసారి. కొర్నేలి దాన్ని వీధిలోనే ఆపి, దిగి, లోపలికి తేవచ్చో లేదో తెలియక తలుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

“ఎక్కడ పెట్టమంటావు బావా?”

“పాత చోటే పెట్టు.”

పాస్టరు గారు కోరుకున్న మాట రాలింది. కానీ అందులో తడి లేదు. జామచెట్టు కింద, చక్రాలు తొక్కి తొక్కి నేల గట్టిపడిన చోట బండి ఆగింది. డోర్కాస్ ఇటువైపు తలుపు తెరుచుకుని టిఫిను క్యారేజీతోనూ, తెల్ల అట్టలతోనూ దిగింది. క్రిస్మస్ నాటకంలో మణిమాల దేవదూత. ఆ రెక్కలకి డోర్కాస్ వెండి కాగితం అంటిస్తోంది. పిల్ల నాటకం సాధన కోసం చర్చి దగ్గరే ఉండిపోయింది.

ఏడవని మొగుణ్ణి చూస్తే లోకానికి ఒళ్ళు మండుతుంది. సమాధి దగ్గర కూడా సత్యరాజు కళ్ళు తడి కాలేదనీ, దీపస్తంభం మీద వేలాడుతున్న తీగ వైపు చూస్తూ నిలబడ్డాడనీ మరోదాలో ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే. అప్పుడు అతని బుర్రలో ఉన్నది ఆ తీగ ఒక్కటే. బాధ లేక కాదు. పన్ను పీకేముందు సూది వేసిన దవడలా, తడుముకుంటే తన మొహం తనది కాదనిపించేది. డ్యూటీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. ఏం కూర అని అడిగితే చెప్పలేడు.

కొర్నేలి అట్టపెట్టెలు దింపాడు. రేడియో, క్యాసెట్టు రెండూ ఉన్న జపాను సెట్టు, మోత పెంచడానికి బూస్టరు, సీటు వెనక బిగించడానికి కోడిగుడ్డు ఆకారంలో రెండు స్పీకర్లు. స్టీరియో లేని బండిని ఇప్పుడు పెళ్ళివారు కన్నెత్తి చూడటం లేదని టెంట్ హౌస్ బలరాం పోరుపెట్టి కొనిపించిన సామాను అది.

“పాత రేడియో నాను విప్పీసి ఉంచుతాను బావా. నువ్వు కాసింత టీ తాగొచ్చీలోపు అయిపోద్ది,” అన్నాడు కొర్నేలి.

“నేను విప్పుతాను.”

“తుప్పట్టీసింది, సేతులు గీసుకుంటాయి.”

“రోజూ గీసుకునే చేతులే.”

“అయితే బ్యాటరీ టెర్మినలైనా నన్ను తియ్యనీ.” జవాబు కోసం ఆగకుండా కొర్నేలి బానెట్ ఎత్తాడు. ఎర్తు తీగ విప్పి, పక్కకి వంచి, బానెట్‌ని దభీమని దించేశాడు. ఆ తొందర మామూలప్పుడైతే సత్యరాజు పట్టుకునేవాడు. ఇప్పుడు అతనికి తొందరా నిదానమూ ఒకటే.

సీటు మీద వెల్లకిలా పడుకుని తల డాష్‌బోర్డు కిందికి పెట్టాడు. ఎర్రమట్టి, డీజిలు, ఎప్పటివో వేరుశెనగ పొట్టు. పాత రేడియోకి ముందువైపు తిప్పే గుండీలు రెండూ ఊడదీసి, వాటి వెనక నట్లు తిప్పాడు. పట్టీ వదులైంది. సెట్టు మెల్లగా అతని గుండెల మీదికి దిగింది. దాని డయల్ బల్బు మాడి నల్లగా ఉంది. ఏరియల్ తీగ లాగేశాడు. స్పీకరు తీగలు కత్తిరించాడు. మిగిలింది కరెంటు వచ్చే ఎర్ర తీగ.

బండిలో రేడియోకి కరెంటు తాళం స్విచ్చి నుంచి ఇస్తారు. తాళం తిప్పితేనే పాడుతుంది, తాళం తీస్తే ఆగిపోతుంది. అందుకని సత్యరాజు చెయ్యి అలవాటుగా తాళం స్విచ్చి వైపు వెళ్ళింది. ఎర్ర తీగ అక్కడ లేదు. వేళ్ళతో దాని వెంటే వెళ్ళాడు. స్విచ్చిని ముట్టుకోకుండా, స్టీరింగు గొట్టం పక్కనుంచి, ఇంజను వైపు గోడలో ఉన్న చిల్లులోకి దూరిపోయింది. లేచి బయటికొచ్చి బానెట్ ఎత్తాడు. చిల్లులోంచి వచ్చిన ఎర్ర తీగ తిన్నగా బ్యాటరీకి వెళ్ళి కూర్చుంది. పైన రబ్బరు టోపీ, దాని మీద గ్రీజు.

ఆ తీగని అతను గుర్తుపట్టాడు. ఎర్ర తొడుగు మీద సన్నటి తెల్ల గీత. పోయిన క్రిస్మస్‌కి నక్షత్రం దీపానికి వాడగా మిగిలితే, చుట్ట చుట్టి వంటింట్లో అటక మీద తనే పెట్టాడు.

“ఇదేంటి కొర్నేలీ?”

వరండాలో డోర్కాస్ జిగురు పుల్ల పక్కన పెట్టింది.

“పాత వైరింగు బావా. ఎవుడు సేసినాడో...”

“ఇది మా ఇంట్లో తీగ.”

కొర్నేలి చేతిలో రెంచి ఉంది. దాన్ని ఒకసారి గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

“అప్ప ఇచ్చినాది,” అన్నాడు చివరికి. అక్క కాంతాన్ని అతను అలాగే పిలిచేవాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట చర్చి ఉజ్జీవ సభల్లో మారుమనసు పొందానని చెయ్యెత్తి నిలబడి వచ్చిన ఉత్సాహంలో సత్యరాజు ఇంట్లో ట్రాన్సిస్టర్ ఎవరికో ఇచ్చేశాడు. సినిమా పాట ఈ గడప తొక్కకూడదన్నాడు. కాంతం ‘అలాగే’ అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. భార్య అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానించాలని మగవాళ్ళకి ఎవరూ చెప్పరు. దేవుడు తన ఇంటిని గెలిపించాడని సత్యరాజు చాలామందికి సాక్ష్యం చెప్పాడు.

“మద్దేనాలు వచ్చి ఈ బండిలో కూసునీది బావా. నువ్వు డ్యూటీకి ఎల్లిపోయాక. నా బండి మీ ఇంటి కాడే ఉండీది కదా, మా సందులో జాగా నేక. తాళమేమో నా జేబులో ఉండీది. తాళం నేకుండా పాడీలాగ సెయ్యరా తమ్ముడూ అనీసి, తనే ఈ తీగ తెచ్చి నా సేతిలో పెట్టినాది. ఏటి సెయ్యమంటావు? నా సొంత అప్ప. ఎప్పుడైనా నన్ను ఏటైనా అడిగినాదా?”

“ఏం వినేది?”

“వివిధభారతి. ఇందీ పాటలు.”

సత్యరాజుకి ఒకటి గుర్తొచ్చింది. తూకం దగ్గర మోసం చేసిన కూరగాయల మనిషిని కాంతం వీధిలో నిలబెట్టి ‘బేవఫా’ అని, సినిమా పాటల్లో మోసం చేసిన ప్రియుణ్ణి తిట్టినట్టు తిట్టింది. వాడు నవ్వాపుకోలేక రెండు టమాటాలు ఎక్కువ వేశాడు. భిలాయి వచ్చిన కొత్తలో ‘పానీ’ తప్ప ముక్క రాని మనిషికి అంత హిందీ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని అప్పుడు అతను ఆశ్చర్యపోయాడు. ఇదిగో, ఇక్కణ్ణుంచి వచ్చింది. ఈ చిరిగిన సీటు మీంచి. తన భార్య గురించి తనకి తెలియని సంగతి ఒకటి ఇన్నాళ్ళూ తన ఇంటి ముందే నిలిపి ఉంది.

కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

“నేను రావడం ఎలా తెలిసేది?”

“నీ సైకిలు మడ్‌గార్డు సప్పుడు ఈది మొదట్లోనే వినిపిస్తాది కదా బావా. అది వినిపిస్తే సాలు, గుండీ తిప్పి గొంతు తగ్గించీసి ఇంట్లోకి పరిగెట్టీసీది.”

“తగ్గించడమా? ఆర్పేయడమా?”

 ఈ ప్రశ్న వస్తుందని ఆగస్టు నుంచి భయపడుతున్న మనిషి కొర్నేలి.

“ఆరాలంటే సివరికంటా తిప్పాల. టిక్కుమనాల. కంగారులో అంత దాకా ఎవులు తిప్పుతారు? గొంతు పోతే సాలు కదా. సాయంత్రం నాను వచ్చి టిక్కుమనిపించీవోణ్ణి. డయల్ బల్బు మాడిపోనాది. పాట వినపడకపోతే అది ఎలుగుతున్నాదో ఆరినాదో పైకి తెలీదు.”

ఇక చెప్పక్కర్లేదు. చెప్పకపోయినా సత్యరాజుకి అర్థమైపోయింది. గొంతు తగ్గించి వదిలేసిన రేడియో తాళం తీసినా ఆరదు. మూగగా, ఎవరికీ తెలియకుండా, ముసలి బ్యాటరీని రాత్రంతా పీల్చుకుతింటుంది. తెల్లవారుజామున తాళం తిప్పితే బండి ఎందుకు కదులుతుంది?

“ఆ ముందు రోజు నువ్వు ఆర్పలేదు.”

“బస్సెక్కి చరోదా ఎల్లినాం కదా బావా, అత్తగారింటికి. వచ్చీసరికి పొద్దు పోనాది. వాన. తిన్నగా ఇంటికెళ్ళి పడుకున్నాం. మర్నాడు అప్పని... అన్నీ అయిపోయాక బండిలో కూసుని సూసినాను. గొంతు తగ్గించి ఉంది గాని, గుండీ టిక్కుమనీ దాకా తిప్పి నేదు. ఆరి నేదు.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

 వరండాలోంచి డోర్కాస్ అంది, “అన్నయ్యా, టీ సల్లారిపోతంది.”

టీ గ్లాసు చేతికి వచ్చింది. సత్యరాజు తాగాడు. అది చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియలేదు. నేను వద్దన్న పాట కోసం నా భార్య బండెక్కింది. నా సైకిలు చప్పుడుకి జడిసి గుండీ సగంలో వదిలేసింది. ఆ లెక్క నా దగ్గరికే వస్తుంది. ఇదంతా వేరే వాళ్ళ సంసారం గురించి అనుకుంటున్నట్టు అనుకున్నాడు. అప్పుడు తట్టింది.

“కాంతం ఆ వారమంతా మంచం దిగలేదు.”

కొర్నేలి రెంచి కిందపెట్టాడు.

“నీళ్ళు కూడా నేనే తాగించాను. గుమ్మం దాటలేదు. మరి ఆ రోజు పాట ఎవరు పెట్టారు?”

“నానే,” అన్నాడు కొర్నేలి వెంటనే. “చరోదా ఎల్లీ ముందు పెట్టినాను. మర్సిపోనాను.”

“పెట్టి?”

“మర్సిపోనాను బావా.”

“గొంతు తగ్గించి ఉందన్నావు. నీ బండిలో నువ్వు పాట పెట్టుకుని, ఎవరికి భయపడి తగ్గించావు?”

జామచెట్టు మీద చిలక ఒకటి అరిచింది. డోర్కాస్ చేతిలోని దేవదూత రెక్కకి సగం వరకే వెండి కాగితం అంటింది. మిగతా సగం గాలికి రెపరెపలాడుతోంది. కొర్నేలి నేల చూపులు చూస్తూ అన్నాడు.

“నన్ను తిట్టు బావా. కొట్టు. సంఘంలోంచి తీయించీ. తప్పు నాదే అనీసి పాస్టరు గారి ముందు మోకాళ్ళ మీద సెప్తాను. పాపని మాత్రం పంపకు.”

“టికెట్లు తీసేశాను.”

“టికెట్టు ఏటి, సింపీస్తే సిరిగిపోద్ది.”

 పాట ఎవరు పెట్టారన్న ప్రశ్న సత్యరాజు చేతిలోంచి జారిపోయింది. ఈ మధ్య అతనికి అన్నీ అలాగే జారిపోతున్నాయి. పట్టుకుందామన్న కోరికే పుట్టడం లేదు. చేతులు మాత్రం పని అడుగుతున్నాయి. వాటికి పని ఇచ్చాడు.

సీటు వెనక రేకుకి చిల్లులు వేసి స్పీకర్లు బిగించాడు. బూస్టరుని సీటు కింద రెండు మరలతో పట్టించాడు. పాత సెట్టు ఉన్న కంత కొత్తదానికి చాలలేదు. ఆకురాయితో అంచులు అరగదీసి, సెట్టు సరిగ్గా కూర్చునేదాకా తోశాడు. కొర్నేలి కావలసింది అందిస్తూ పక్కనే ఉన్నాడు.  పని తెలిసినవాళ్ళ పద్ధతిలో స్క్రూడ్రైవరు అడగకముందే చేతికొచ్చేది. పాస్టరు గారు చూసి ఉంటే సంతోషించి ఇంటికి వెళ్ళిపోయేవారు.

చివరికి ఎర్ర తీగ మిగిలింది. దాన్ని కత్తిరించి పారేసి, తాళం స్విచ్చి నుంచి కొత్తది లాగాలి. అదే సరైన పని. అప్రెంటిసులకి అతను చెప్పే మొదటి పాఠం కూడా అదే. కటింగ్ ప్లయరు నోరు తెరిచి తీగ మీద పెట్టాడు. నొక్కలేదు. తెల్ల గీత వైపు కాసేపు చూశాడు. అటక మీంచి స్టూలెక్కి దీన్ని దించుకున్నప్పుడు కాంతం మొహం ఎలా ఉండి ఉంటుంది? నవ్వుకునే ఉంటుంది. ఆ నవ్వు తను చూడలేదు. ప్లయరు జేబులో పెట్టుకుని, కొత్త సెట్టు తీగని అదే ఎర్ర తీగకి ముడివేసి టేపు చుట్టేశాడు.

“బావా, అది...”

“తెలుసు.”

బానెట్ ఎత్తి, దాని చాటున నిలబడి ఎర్తు తీగ బిగించబోయాడు. నట్టు మొరాయించింది. “లోపల గుండీ తిప్పి చూడు,” అన్నాడు. కొర్నేలి తిప్పాడు. ఎర్తు తగిలిన క్షణంలో చిటుక్కున ఒక మెరుపు, ఆ వెంటనే పాట. స్పీకర్లు రెండూ ఒక్కసారిగా లేచాయి. వివిధభారతిలో ఎవరో ఆడమనిషి తీరిగ్గా పాడుతోంది. మరోదా అంతా వినిపించేటట్టు సత్యరాజు ఇంటి ముందు సినిమా పాట. ఎదురింటి వాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూశారు. కొర్నేలి కంగారుగా గొంతు సగానికి తగ్గించి, బండి దిగి, టూల్సు సర్దే వంకతో వరండా వైపు వెళ్ళిపోయాడు. సత్యరాజు బానెట్ చాటునే ఉండి నట్టు బిగిస్తున్నాడు. పాట అతనికి చప్పుడులాగే వినిపిస్తోంది.

అప్పుడు వీధిలోంచి పరుగు వినిపించింది. అతను తలెత్తలేదు. బండి తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బండి కొంచెం ఊగింది.

“అరే వాహ్! మావా, నయా వాలా లగ్ గయా?” మణిమాల గొంతు. కొత్తది బిగించేశారని ఆ పిల్ల సంబరం. అది ఇక్కడ పుట్టిన పిల్ల, సంతోషం వస్తే హిందీయే వస్తుంది. వరండాలోంచి డోర్కాస్ లేచి చెయ్యి ఊపబోయింది. కొర్నేలి “పాపా!” అని పిలిచాడు. మోతలో పిల్లకి ఏదీ వినిపించలేదు. గొంతు ఇంకా పెంచింది. పెంచి, పాటతో కలిసి పాడటం మొదలుపెట్టింది. పల్లవి చివర పైకి లాగాల్సిన చోట లాగకుండా, కిందికి దించి, చిన్నగా ఊపిరి వదిలింది.

అలా దించేది కాంతం. సంఘంలో కీర్తన పాడినా అంతే. ‘పైకి వెళ్ళలేవా’ అని సత్యరాజు ఏడిపించేవాడు. రెంచి పట్టుకున్న అతని చెయ్యి ఆగిపోయింది. తల్లీ కూతుళ్ళు ఈ సీటు మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళన్నమాట. ఇద్దరూ కలిసి పాడుకునేవాళ్ళన్నమాట. ఆగస్టు తర్వాత మొదటిసారి ఆ సూది మత్తు కాస్త దిగినట్టయింది. నొప్పిగానే ఉంది, కానీ అది తనదే అనిపించింది. పిల్లని చూడాలనిపించింది. చేత్తో మెల్లగా బానెట్ దించాడు.

అద్దం అవతల మణిమాల. అద్దం ఇవతల తండ్రి.

పిల్ల మొహంలో రంగు పోయింది. పాట గొంతులోనే ఆగింది. చూపు తండ్రి మీదే ఉంది గాని, చెయ్యి మాత్రం దానంతట అదే డాష్‌బోర్డు మీదికి వెళ్ళింది. ఎప్పటి అలవాటో, చూడకుండానే గుండీని పట్టుకుంది. గబగబా ఎడమకి తిప్పింది. పాట సన్నబడింది, ఇంకా సన్నబడింది, పోయింది. అక్కడితో చెయ్యి ఆగింది. టిక్కుమనలేదు. పిల్ల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుంది.

కొత్త సెట్టు కాబట్టి దీపం మాడలేదు. డయల్ మీద చిన్న పచ్చ వెలుగు అలాగే ఉంది.

“నేనేం వినలేదు పాపా,” అంది మణిమాల, తండ్రిని హిందీ పిల్లల్లా పిలుస్తూ. “సచ్చీ, ఒట్టు. ఇప్పుడే ఎక్కాను.”

సత్యరాజు పచ్చ దీపాన్ని చూశాడు. పిల్లని చూశాడు. మళ్ళీ దీపాన్ని చూశాడు.  తలుపు దగ్గరికి ఎలా వచ్చాడో, ఎప్పుడు దాన్ని తెరిచాడో అతనికే గుర్తులేదు.

“మణీ,” అన్నాడు. “అమ్మకి జ్వరం వచ్చినప్పుడు... మావయ్యా వాళ్ళూ చరోదా వెళ్ళిన రోజు...”

“అన్నయ్యా, వొద్దు!” డోర్కాస్ మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చింది. ఒళ్ళోని దేవదూత రెక్కలు మట్టిలో పడ్డాయి. అంతకంటే ముందే కొర్నేలి వచ్చి బావ భుజాన్ని వెనకనుంచి పట్టుకున్నాడు. ఎముక నొప్పెట్టేటంత గట్టిగా పట్టుకున్నాడు. 

“నానే బావా. నానే మర్సిపోనాను. సెప్పినాను కదా. అంతే. ఇంకేటీ నేదు.”

ఆగస్టు నుంచి ఈ మనిషి ఎవరి కోసం తిట్లు తింటున్నాడో, ఎవరి కోసం సంఘంలో తల దించుకున్నాడో సత్యరాజుకి అప్పుడు తెలిసింది. నోట్లో ఉన్న ప్రశ్న బయటికి వస్తే ఆ పిల్ల బతికినంత కాలం దాన్ని మోస్తుంది. రాకపోతే తను మొయ్యాలి, ఏమీ జరగనట్టు, ఇంత దగ్గర నిలబడి. పెదవులు విడే ఉన్నాయి. మాట అక్కడే ఉంది.

మణిమాల ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆ పిల్లకి భయం వేసింది. ఎందుకో తెలియలేదు.

“పాపా,” అంది తండ్రితో, “మావయ్య ఏం మర్చిపోయాడు?”